జావియా కొలిచిన రక్తం

మలేషియాలో మా ఊరు లుబుక్ సెంతుల్‌కి తారురోడ్డు తెచ్చినవాణ్ణి నేను. పొలాల మీదుగా కరెంటు స్తంభాలు వేయించినవాణ్ణి నేను. ఎగువ వాళ్ళకీ దిగువ వాళ్ళకీ కాలవ నీళ్ళ దగ్గర తాతల నాటి తగువు ఉంటే, రెండు పక్షాలనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, కొబ్బరిపాల కూరతో అన్నం పెట్టించి, చేతులు కడుక్కునే లోపల రాజీ చేయించాను. సెరంబాన్ పట్నంలో జరిగిన ప్రదర్శనలో నా రబ్బరు షీటుకి మొదటి బహుమతి వచ్చింది. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి దాకానే. అయినా మా వంశానికి పెద్దని ఎన్నుకున్న రోజున ఎదురు మాట్లాడినవాడు లేడు. అప్పటి నుంచి ఊరంతా నన్ను దాతుక్ బహమన్ అంటుంది. మా అక్క కమ్సియా ఒక్కతే ఇప్పటికీ "ఏరా" అంటుంది.

ఇన్ని పనులు చేసినవాణ్ణి, అక్క కూతురు జావియా విషయంలో మాత్రం చేతులు ముడుచుకు కూర్చోవలసి వచ్చింది. జావియాకి పదవులు లేవు. కౌలాలంపూర్‌లో ఒక పరిశోధనశాలలో రక్తకణాల బిరుసు కొలిచే ఉద్యోగం. ఇలాంటివాళ్ళ గురించి ఎవరూ రాయరు. నాకు తెలుసు కనక నేను రాస్తున్నాను.

ఆ పరిశోధనశాల నుంచి రక్తం తీసేవాళ్ళు వ్యానులో మా ఊరికి వచ్చినప్పుడు ఆమె బడి చదువు అప్పుడే పూర్తయింది. వాళ్ళని చూసి ఊళ్ళో సగం ఇళ్ళ కిటికీలు మూసుకున్నాయి. నేనే ముందు నడిచి, చొక్కా చెయ్యి పైకి మడిచి, బల్ల ముందు కూర్చున్నాను. నన్ను చూశాకే మిగతావాళ్ళు కదిలారు.

అక్క వెనక నుంచి అంది. "వీడి రక్తం ఎక్కువ తియ్యకండమ్మా. ఆ సీసా కూడా ఉపన్యాసం మొదలెడుతుంది."

జనం గొల్లున నవ్వారు. భయం పోయింది. అందరూ వరస కట్టారు.

వాళ్ళకి పెద్ద డాక్టర్ లియూ అనే చీనా ఆవిడ. సన్నగా, చీపురుపుల్లలా ఉండేది. మైక్రోస్కోపు తెచ్చి మసీదు అరుగు మీద పెట్టి, మాకే మా రక్తం చూపించింది. ఊరి బయటివాళ్ళ ఎర్రకణాలు గుండ్రంగా, మధ్యలో నొక్కినట్టు ఉంటాయట. మావి కోలగా, అడ్డంగా ఒక గీతతో ఉన్నాయి. ఊళ్ళో అందరివీ కావు, నాలాంటి కొందరివే. నాకున్నాయి, అక్కకున్నాయి, మా అబ్బాయి ఖైరిల్‌కి ఉన్నాయి, జావియాకి ఉన్నాయి.

"ఇది రోగమా డాక్టరుగారూ?" అని అడిగాను.

"రోగం కాదు దాతుక్ గారూ. ఈ కణం బిరుసు. చలిజ్వరం పురుగు ఇందులోకి సులువుగా దూరలేదు. జ్వరం వచ్చినా మెదడుకెక్కి చంపడం చాలా అరుదు."

ఆ రోజు నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. అడవి కొట్టి ఊరు కట్టినప్పుడు పక్క పల్లెలు జ్వరానికి ఖాళీ అయిపోతే, మావాళ్ళు ఎందుకు నిలబడ్డారో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ప్రతి విందులోనూ నేనది చెప్పాను. చెప్పడంలో గొప్పేమీ కలపలేదు. ఉన్నదే చెప్పాను.

జావియా మాత్రం మైక్రోస్కోపు వదల్లేదు. వెనక వరస పెరిగిపోతోంది.

"ఇవి ఎందుకిలా ఉన్నాయి డాక్టరుగారూ?"

"తెలియదు. అదే వెతుకుతున్నాం."

"ఎప్పటికి తెలుస్తుంది?"

"చేతి పని బాగా వచ్చినవాళ్ళు దొరికితే త్వరగా తెలుస్తుంది" అని డాక్టర్ లియూ నవ్వింది. నవ్వుతూ అన్న ఆ మాట పట్టుకుని, తర్వాతి నెలలోనే జావియా రాజధాని బస్సెక్కింది. వెంట వెళ్ళి హాస్టల్లో గది చూసి, వార్డెనుతో మాట్లాడి, దించి వచ్చింది నేనే.

మొదట్లో ఆమె చేత గాజు సామాను కడిగించారు. తర్వాత గొట్టాలు లాగడం నేర్పారు. గాజు గొట్టాన్ని మంట మీద మెత్తబడనిచ్చి, రెండు వైపులా ఒక్క ఊపున లాగితే, మధ్యలో వెంట్రుక కన్నా సన్నని మొన వస్తుంది. ఆ మొనని మైక్రోస్కోపు కింద ఒక్క ఎర్రకణం పక్కకి తేవాలి. గొట్టం వెనక నీళ్ళ సీసా ఉంటుంది. చక్రం తిప్పి సీసాని కిందికి దించే కొద్దీ మొన దగ్గర లాగుడు పెరుగుతుంది. కణం ఎంత లాగుడికి, ఎంత లోపలికి వచ్చిందో చూస్తారు. దాన్నిబట్టి దాని బిరుసు తెలుస్తుంది. ఊపిరి గట్టిగా వదిలితే మొన జరిగిపోతుంది. ఈ పనికి అక్కడ జావియా చెయ్యే చెయ్యి అయింది.

ఒకసారి నేను అక్కడికి వెళ్తే కూర్చోబెట్టి చూపించింది. బయటివాళ్ళ కణం నాలిక చాపినట్టు గొట్టంలోకి జారింది. తర్వాత నాది పెట్టింది. అది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ దున్నలా కదల్లేదు. చక్రం బాగా తిప్పాక పెదవంత లోపలికి వచ్చింది.

"చూశావా మామయ్యా, నీ కణం కూడా నీలాగే. ఎవరి మాటా వినదు."

"దానికేమైంది?"

"కణం పైపొరలో ఒక ప్రోటీన్ ఉంది. దాని కాళ్ళు లోపలున్న వలకి కట్టి ఉంటాయి. వల సాగితే అదీ కదులుతుంది, వదిలితే వెనక్కొస్తుంది. మనలో ఆ ప్రోటీన్ వలకి అతుక్కుపోయింది. పక్కకి జరగనివ్వదు."

నాకు వెంటనే అర్థమైంది. రబ్బరు పాలల్లో యాసిడ్ చెయ్యి జారి ఎక్కువ పడితే షీటు బిరుసెక్కి రోలర్ల మధ్యకి వెళ్ళదు. అదే చెప్పాను. జావియా చప్పట్లు కొట్టింది. మొదటి బహుమతి ఊరికే రాదు కదా.

మా ఆచారంలో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. పెళ్ళయ్యాక మగవాడే అత్తగారింటికి వెళ్తాడు. మేనరికం అంటే మావాళ్ళకి అంతకు మించిన సంబంధం లేదు. అందుకని ఖైరిల్‌నీ జావియానీ చిన్నప్పటి నుంచే జంటగా అనుకున్నారు. ఖైరిల్ సెరంబాన్ బస్సు నడుపుతాడు. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. సెలవుకి వచ్చినప్పుడు జావియా అతని వేలు గుచ్చి ఒక చుక్క పట్టుకెళ్ళింది. మళ్ళీ వచ్చి, అందరూ అన్నం తింటుండగా చెప్పింది.

"మామయ్యా, బావ కణాలూ నావీ పక్కపక్కన పెడితే ఏవి ఎవరివో నాకే తెలియలేదు."

"నా రక్తం చూసి ఒప్పుకున్నావా? నన్ను చూసి కాదా?" అన్నాడు ఖైరిల్.

"నిన్ను చూస్తే ఒప్పుకునేదాన్నా బావా?"

అక్క పళ్ళెం పక్కకి తోసి లేచింది. "ఇంకేం కావాలిరా బహమన్! వెదుళ్ళు కొట్టించు, బొంగుల్లో పెళ్ళి అన్నం వండాలి."

ఒకవైపు నుంచి వస్తేనే జ్వరం చంపలేని రక్తం, రెండు వైపుల నుంచీ వస్తే పిల్లలకి ఇంకెంత రక్ష అని మేమంతా అనుకున్నాం. ఊళ్ళో ఎవరిని అడిగినా అదే అనేవారు. రోజూ ఆ కణాలతోనే పని చేసే జావియా కూడా అదే అనుకుంది. పెళ్ళి మూడు ఊళ్ళు చెప్పుకునేలా చేశాను.

మొదటి కాన్పు నెలలు నిండకుండానే వచ్చింది. బిడ్డ తెల్లగా పాలిపోయి, ఒళ్ళంతా నీరు పట్టి, ప్రాణం లేకుండా పుట్టాడు. ఇలాంటివి జరుగుతుంటాయి అన్నారు. రెండో కాన్పు అలాగే అయింది. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. రెండుసార్లూ మసీదు వెనక చిన్న గొయ్యి తవ్వింది నేనూ ఖైరిలూ.

ఊరుకున్నానని అనుకోవద్దు. నా ఒక్క ఫోనుకి రబ్బరు ఎస్టేటు జీపు వచ్చేది. జిల్లా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు లేచి నిలబడి మాట్లాడేవాడు. ఇమాము చేత వారం వారం ప్రార్థన చేయించాను. ఊరందరికీ విందు పెట్టాను. అక్క తనకి తెలిసిన ఆకులన్నీ నూరి తాగించింది. నాకు తగువు తీర్చడం వచ్చు. కాని తగువుకి రెండో పక్షం కనబడాలి కదా. ఇక్కడ ఎవరితో మాట్లాడాలి?

ఆ ఏడాది డాక్టర్ లియూకి విదేశాల నుంచి ఒక వార్త వచ్చింది. మా కణంలో ఆ ప్రోటీన్ ఎందుకు వంకర తిరిగిందో కనిపెట్టారట. ప్రోటీన్ అంటే పూసల దండ లాంటిదట. మా దండలో ఒకచోట తొమ్మిది పూసలు లేవట. ఇప్పుడు రక్తం చూసి, అది ఒక్క అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిందా, ఇద్దరి నుంచీ వచ్చిందా చెప్పగలరు. దాచిన రక్తాలన్నీ తీసి వరసగా చూశారు.

ఆ వారాంతం జావియా ఇంటికి వచ్చి వంటింటి మెట్ల మీద కూర్చుంది. మళ్ళీ కడుపుతో ఉంది. అయిదో నెల. నేను కొబ్బరికాయలు వలుస్తున్నాను.

"మామయ్యా, ఊరూరా తీసిన రక్తం అంతా చూశాం. ఒకవైపు నుంచి వచ్చినవాళ్ళు బోలెడంతమంది. రెండు వైపుల నుంచీ వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు."

"లేకపోతే లేరు. ఏమైందిప్పుడు?"

"ఉండాలి కదా మామయ్యా! మనలో ఎన్ని మేనరికాలు? మా ఇద్దరిలాంటి వాళ్ళకి నలుగురు పుడితే, ఒకరికి అటూ ఇటూ రెండూ వస్తాయి. లెక్క ప్రకారం కనబడాలి. బతికున్నవాళ్ళలో కనబడలేదు."

నేను కత్తి కింద పెట్టాను. ఆమె మసీదు వైపు చూడలేదు. నేనే చూశాను.

"మరి ఇప్పుడున్నది?" అని అడిగాను.

"ఏ వంతులో ఉందో తెలియదు. మూడు వంతులు మంచిది, ఒక వంతు కాదు. కడుపులో బిడ్డ రక్తం తీసి చూసే వీలు మన దగ్గర ఇంకా లేదన్నారు. తెలిసినా చెయ్యడానికేం లేదన్నారు. పోయిన ఇద్దరూ అందుకే పోయారని కూడా ఎవరూ రుజువు చెయ్యలేరు. వాళ్ళ రక్తం ఎవరూ తియ్యలేదుగా."

మర్నాడే సభలకి పెట్టుకునే నల్లటోపీ పెట్టుకుని డాక్టర్ లియూ దగ్గరికి వెళ్ళాను.

"నేను వంశపెద్దని. ఎవరిని కదిలించాలో చెప్పండి. మంత్రి గుమ్మం ఎక్కమన్నా ఎక్కుతాను."

ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "మంత్రి దగ్గర ఉంటే నేనే తెచ్చేదాన్ని దాతుక్ గారూ. దీనికి మందు ఏ దేశంలోనూ లేదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సు నడిపింది ఖైరిలే. మా ఊరి మలుపు దగ్గర ప్రయాణికులంతా దిగాక ఇంజను ఆపి అడిగాడు. "నాన్నా, నా రక్తం అంతా తీసేసి వేరే రక్తం ఎక్కించుకుంటే?"

ఆ మాటే ఇంటికి వెళ్ళి జావియాని కూడా అడిగాడు.

"ఇవ్వవలసింది ఎప్పుడో ఇచ్చేశావుగా బావా" అంది ఆమె, అతని భుజం మీద ఒక్కటి వేసి. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు చూడలేక నేను కోళ్ళకి గింజలు వేసే మిషతో పెరట్లోకి పోయాను.

జావియా పని మానలేదు. కడుపు బల్లకి తగులుతుంటే పక్కకి తిరిగి కూర్చుని గొట్టాలు లాగేది. ఎవరెవరివో కణాలు కొలిచేది. ఇంటికొచ్చిన ప్రతిసారీ అక్క ఆమె పాదాలు నొక్కి చూసేది, నీరు పట్టిందేమోనని. ఒకసారి నేను ఊరికే ఉండలేక, "బిడ్డ కదులుతోందా?" అన్నాను.

"కదులుతోంది మామయ్యా. నువ్వు పది మందినీ పోగు చేసి అడక్కపోతే ఇంకా బాగా కదులుతుంది."

ఎనిమిదో నెల మొదట్లో కదలిక తగ్గింది. ఎస్టేటు జీపు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పెద్ద డాక్టరు వచ్చాడు. ఏది అడిగితే అది దొరికింది. దేనివల్లా ఏమీ కాలేదు. ఆడపిల్ల పుట్టింది. అదే పాలిపోయిన రంగు, అదే నీరు. కాని ఈ పిల్ల ఊపిరి తీసింది. కాసేపు తీసింది. చెవిలో ప్రార్థన పిలుపు వినిపించవలసిన తండ్రి గోడవైపు తిరిగిపోతే నేను వినిపించాను. వర్దా అని పేరు పెట్టాను. మా అక్క ఇంటికి జావియా ఒక్కతే కూతురు. వర్దా బతికితే ఆ ఇల్లు నిలిచేది. పిలుపు పూర్తయ్యేసరికి పిల్ల ఊపిరి ఆగిపోయింది.

నొప్పులు పడుతూనే జావియా నర్సుతో చెప్పి ఉంచిందట. బొడ్డుతాడు రక్తం చిన్న గొట్టంలో పట్టి, ఐసు ఫ్లాస్కులో పెట్టి, ఆమెని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చారు. ఖననం అయి ఇంటికి వచ్చేసరికి ఆ ఫ్లాస్కు బాలింత గదిలో, మంచం కోడు పక్కన ఉంది.

"అమ్మా, రేపు పొద్దున్న బస్సుకి ల్యాబుకి వెళ్ళి వస్తాను" అంది జావియా.

అక్క రాయి వేడి చేస్తోంది. కాన్పయ్యాక మా ఆడవాళ్ళు నెలన్నర గడప దాటరు. పొత్తికడుపు మీద వేడి రాయి కాపడం పెట్టుకుని పడుకుంటారు. గాలి తగలనివ్వరు.

"ఏ బస్సూ లేదు. పడుకో."

"ఇది పాడైపోతుందమ్మా. ఐసు కరిగితే పనికిరాదు. రెండు వైపుల రక్తం ఎవరూ చూడలేదు. వర్దాది అదే అయితే, మిగతా ఇద్దరూ ఎందుకు పోయారో తెలుస్తుంది. కాకపోతే అదీ తెలుస్తుంది. కారణం వేరేదైతే మందు ఉండొచ్చు కదా!"

"నువ్వు బాలింతవి."

"బిడ్డ లేని బాలింతని."

"బిడ్డ లేకపోయినా ఒళ్ళు పచ్చిదే!" అని అరిచింది అక్క. అరిచి, రాయికి గుడ్డ చుడుతూ ఏడ్చింది. "ఆ పిల్లని మట్టిలో పెట్టి వచ్చాం. నిన్ను కూడా పెట్టమంటావా?"

జావియా నా వైపు చూసింది. గుమ్మం బయట నిలబడి ఉన్నాను. ఊళ్ళో ఏ గొడవైనా నా మాటతో ఆగుతుంది. భూముల పంపకం నా మాట, పెళ్ళి నా మాట, విడాకులు నా మాట. బాలింత గదిలో మాత్రం మగవాడి మాటకి చోటు లేదు. మా తాత పెద్దగా ఉన్నప్పుడూ లేదు, నాకూ లేదు. అక్కని కాదని చెప్పే నోరు నాకు ఆచారం ఇవ్వలేదు. ఒళ్ళు పచ్చిదన్న ఆమె మాటా అబద్ధం కాదు.

"నేను పట్టుకెళ్తాను" అన్నాను.

"నువ్వు పట్టుకెళ్ళి ఏం చేస్తావు మామయ్యా? గొట్టం ఎవరు పడతారు?"

"డాక్టరుగారు ఉన్నారుగా."

జావియా ఫ్లాస్కు మూత బిగించి ఇచ్చింది. చేపల మార్కెట్టులో ఐసు మార్పించమని, ఐసు గొట్టానికి నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ ఉంచమని, కుదుపు తగలకుండా ఒళ్ళో పెట్టుకోమని చెప్పింది. అన్నీ అలాగే చేశాను.

డాక్టర్ లియూ స్వయంగా కూర్చుంది. "జావియా చెయ్యి కాదిది" అని ముందే చెప్పింది. మొదటి మొన విరిగింది. ఇంకొకటి విరిగింది. తర్వాత చాలాసేపటికి ఒక కణం మొన దగ్గరికి వచ్చింది. నన్ను చూడమంది. అది కోలగా కూడా లేదు. ఏ ఆకారమో చెప్పలేను. ఆవిడ చక్రం తిప్పుతోంది. నాది పెదవంత లోపలికి వచ్చిన చోటు దాటి తిప్పింది. ఇంకా తిప్పింది. కణం ఇసుమంత కూడా లోపలికి రాలేదు. ఉన్నట్టుండి మొన మీద నుంచి జారి, పక్కకి కొట్టుకుపోయింది.

"రెండు వైపులదేనా?" అన్నాను.

"పూసల పరీక్ష కూడా చేసి చెప్పాలి. కాని నాకు అలాగే అనిపిస్తోంది." ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే ప్రతి కాన్పుకీ అదే వంతు దాతుక్ గారూ. మేము మార్చగలిగింది ఏమీ లేదు."

ఇంటికి వచ్చేసరికి ఖైరిల్ మెట్ల కింద నిలబడి ఉన్నాడు. నా ముఖం చూసి పక్కకి తప్పుకున్నాడు. నేను గది గుమ్మం దగ్గర కూర్చున్నాను.

"లోపలికి వెళ్ళిందా మామయ్యా?"

వెళ్ళిందని చెప్పవచ్చు. కాని ఆమె పని తెలిసినవాణ్ణి.

"వెళ్ళలేదమ్మా."

"ఎంత లాగారు? సీసా ఏ గీత దాకా దించారు?"

"చూడలేదు."

"మొన ఎంత వెడల్పు పెట్టారు?"

"నాకు తెలియదు."

"ఎన్ని కణాలు?"

"ఒకటి. మిగతావి రేపు చూస్తామన్నారు."

"ఒకటి చాలదు మామయ్యా. రేపటికి బిరుసు మారిపోతుంది. అది వర్దాది అవదు, నిలవ రక్తానిది అవుతుంది." ఆమె దుప్పటిలోంచి కుడిచెయ్యి బయటికి తీసి చూసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి చేర్చి, చక్రం తిప్పినట్టు గాలిలో కొద్దిగా తిప్పింది. "నేనుంటే పగలంతా కూర్చుని కొలిచేదాన్ని."

అక్క కొత్త రాయి పట్టుకుని లోపలికి వచ్చింది.

"చెయ్యి లోపల పెట్టుకో తల్లీ. గాలి తగులుతుంది."

జావియా చెయ్యి దుప్పట్లోకి తీసుకుంది.